టేస్ట్ తర్వాతే అసలు రోరీ గాలహర్

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా నల్లజాతీయుల్లో పుట్టిన బ్లూస్ సంగీతాన్ని వాయించిన ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలహర్ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఆయన మరో ఇద్దరితో కలిసి నడిపిన టేస్ట్ బ్యాండ్ పుట్టుకను, 1970 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ సంగీత ఉత్సవంలో ఆ ముగ్గురూ జనాన్ని ఉర్రూతలూగించిన తీరును, అదే ఏడాది చివరి రోజున బెల్‌ఫాస్ట్‌లో జరిగిన ఆఖరి కచేరీని చక్కగా వివరించిన వ్యాసకర్త, ఆ తర్వాతి ఇరవై నాలుగేళ్లను మాత్రం రెండే వాక్యాల్లో తేల్చేశారు. బ్యాండు చెదిరిపోవడంతోనే గాలహర్ ప్రాభవం ముగిసిందన్న అభిప్రాయం చదివినవారికి కలుగుతుంది. ఇది ఆయనకు న్యాయం చేయదని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

టేస్ట్ విడిపోయేనాటికి గాలహర్ వయసు ఇరవై రెండేళ్లు. మేనేజరుతో డబ్బు విషయంలో వచ్చిన తగాదాలు, సభ్యుల మధ్య పెరిగిన అపనమ్మకం అందుకు కారణాలు. తప్పెవరిదన్న చర్చలోకి నేను వెళ్లను. మిగిలిన ఇద్దరు కళాకారులూ సమర్థులే, వారు స్టడ్ అనే బ్యాండులో తమ దారి తాము చూసుకున్నారు. గాలహర్ మాత్రం ఆ అనుభవంతో తన వ్యవహారాలను తమ్ముడు డోనల్ చేతిలో పెట్టారు, చివరిదాకా ఆ ఏర్పాటును మార్చలేదు. బేస్ గిటారిస్టు జెరీ మెకవాయ్ 1971లో ఆయనతో చేరి 1991 వరకు, అంటే ఇరవై ఏళ్లపాటు, వెంట నిలిచారు. బ్యాండు నిలుపుకోలేని మనిషిగా ఆయనను చిత్రించేవారు ఈ ఒక్క సంగతిని గమనిస్తే చాలు.

1971లోనే సొంత పేరుతో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. యూరప్ కచేరీల్లో రికార్డు చేసి 1972లో విడుదల చేసిన ఆల్బమ్ బ్రిటన్‌లో తొలి పదింటిలో చోటు సంపాదించింది. ఆ మధ్యలోనే, గాలహర్ చిన్ననాటి నుంచి ఆరాధించిన అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ లండన్‌లో రికార్డింగు చేస్తూ ఆయనను పిలిపించుకున్నారు. గాలహర్ తన కచేరీ ముగించుకుని రాత్రికి రాత్రి కారులో స్టూడియోకు చేరుకుని వాయించేవారు. షికాగో బ్లూస్‌కు రూపమిచ్చిన పెద్దాయన సరసన కూర్చోవడం కంటే ఒక బ్లూస్ గిటారిస్టుకు గొప్ప గుర్తింపు ఏముంటుంది?

నా దృష్టిలో ఆయన జీవితంలో అత్యున్నత ఘట్టం ఐల్ ఆఫ్ వైట్ కాదు, 1974 నాటి ఐర్లండ్ పర్యటన. ఉత్తర ఐర్లండ్ బాంబు పేలుళ్లతో, కాల్పులతో అట్టుడుకుతున్న ఆ రోజుల్లో బయటి బ్యాండ్లు బెల్‌ఫాస్ట్ వైపు రావడానికే జంకేవి. గాలహర్ మాత్రం అక్కడి అల్‌స్టర్ హాలులో కచేరీ చేయడం మానలేదు. వీధుల్లో విడిపోయి బతుకుతున్న కాథలిక్, ప్రొటెస్టంట్ యువత ఆ హాలులో ఒకే పాటకు కలిసి గొంతు కలిపింది. బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ నగరాల్లో రికార్డు చేసిన ఆ ఆల్బమ్ వింటే, శ్రోతల కేకలకు ఆయన గిటారు ఎలా స్పందించిందో, ఒక్కో పాట ఎలా సాగి పెరిగిందో తెలుస్తుంది. స్టూడియో గదుల్లో ఆ వేడి ఆయనకు ఎన్నడూ పూర్తిగా దొరకలేదని నా అభిప్రాయం. అమెరికాలో రికార్డు చేసిన ఒక ఆల్బమ్ తనకు నచ్చలేదని మొత్తంగా పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టడానికి కూడా ఆయన వెనుకాడలేదు.

1975 జనవరిలో ప్రఖ్యాత బ్రిటిష్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ ఆయనను రోటర్‌డామ్‌కు పిలిపించి కొన్ని రోజులు కలిసి వాయించింది. బ్యాండులో చేరమన్న స్పష్టమైన మాట ఏదీ రాకపోవడంతో, ముందే ఒప్పుకున్న జపాన్ పర్యటన కోసం ఆయన అక్కడి నుంచి వచ్చేశారు. చాలామంది దీనిని చేజారిన అదృష్టంగా చెబుతారు. మాట ఇచ్చిన శ్రోతల దగ్గరకు వెళ్లడమే ఆయనకు ముఖ్యమైందని నేను అనుకుంటాను.

చివరి దశ కష్టంగా గడిచిందన్నది కాదనలేని నిజం. మద్యం, విమాన ప్రయాణ భయానికి వాడిన మందులు ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. కాలేయ మార్పిడి తర్వాత సోకిన ఇన్‌ఫెక్షన్‌తో 1995 జూన్ 14న, నలభై ఏడేళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశారు. అయినా ఆ దశను పతనం అని ఒక్క మాటలో కొట్టిపారేయడం సరికాదు. 1990లో వచ్చిన ఆఖరి స్టూడియో ఆల్బమ్‌లో అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి చెందిన జైడికో అనే నృత్య సంగీత శైలిలో దిగ్గజమైన క్లిఫ్టన్ షెనియేకు నివాళిగా ఒక పాట ఉంది. అకార్డియన్‌తో నడిచే ఆ పాట వింటే, ఆయన అప్పటికీ కొత్త దారులు వెతుకుతూనే ఉన్నారని అర్థమవుతుంది.

వ్యాసంతో పాటు మీరు ప్రచురించిన ఫొటోలోని గిటారు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్. 1963లో, పదిహేనేళ్ల వయసులో, కార్క్‌లోని ఒక దుకాణంలో వంద పౌండ్లకు అప్పు మీద కొన్నది. ఫొటోలో ఇంకా చాలావరకు నిలిచివున్న దాని రంగు తర్వాతి సంవత్సరాల్లో పెచ్చులుగా రాలిపోయి, ముందు భాగమంతా ఉత్త చెక్క బయటపడింది. 2024 అక్టోబరులో లండన్ వేలంలో రుసుములతో కలిపి దాదాపు 8.9 లక్షల పౌండ్లు పలికిన ఆ గిటారును, కొన్న సంస్థ ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి అందజేసింది.

1971 నుంచి 1995 వరకు సాగిన ఈ ప్రయాణం మీద ఒక పూర్తి వ్యాసాన్ని మీ పత్రికలో ప్రచురించవలసిందిగా, వీలైతే అదే వ్యాసకర్తతో రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు