అది భూతం కాదు, పెద్దలకు కాపలా

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో ఆఫ్రికా చెక్క శిల్పాల పేజీ చూశాను. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, కింద రాసింది చదివితే మాత్రం బాధేసింది. గాబన్ దేశపు ఫాంగ్ జనం బొమ్మ వేసి ‘అడవి మనుషులు కొలిచే భూతం’ అనేశారు. అది భూతమూ కాదు, దేవుడూ కాదు.

గాబన్, దక్షిణ కామెరూన్, ఈక్వటోరియల్ గినీల్లో ఉండే ఫాంగ్ వాళ్ళు ఒకప్పుడు వంశంలో పేరున్న పెద్దలు పోతే వాళ్ళ పుర్రెల్ని చెట్టు బెరడుతో చేసిన గుండ్రటి డబ్బాలో దాచుకునేవాళ్ళు. ఈ ఆచారాన్ని బియెరి అంటారు. ఊళ్ళు మారుతూ బతికిన జనం, సమాధి కట్టి వదిలేసి పోలేరు కదా, అందుకే పెద్దల్ని వెంట తీసుకెళ్ళేవాళ్ళు. మీరు వేసిన బొమ్మ ఆ డబ్బా మూత మీద కూర్చునేది. పక్క నుంచి చూస్తే నడుం కింద వెనక్కి ఒక కొయ్య ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్నే డబ్బాలోకి దించేవాళ్ళు. దీక్ష తీసుకోనివాళ్ళు పుర్రెల జోలికి రాకుండా కాపలా కాయడం దాని పని. మొక్కులు లోపలున్న పెద్దలకే, చెక్కకు కాదు. పెత్రమాస నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే మనకు ఇది అర్థం కాని సంగతా?

ఆ బొమ్మల్ని కాస్త ఆగి చూడండి. పెద్ద తల, ఉబ్బిన బొడ్డు పసిబిడ్డవి, భుజాలూ పిక్కలూ కండలు తిరిగిన పెద్దవాడివి. పోయినవాళ్ళనీ పుట్టబోయేవాళ్ళనీ ఒకే ఒంట్లో చూపించారని నాకనిపిస్తుంది. పామాయిల్ ఎంతగా పట్టించేవాళ్ళంటే, మ్యూజియంలకు చేరి ఇన్నేళ్ళయినా కొన్నిటి మీద ఇప్పటికీ నూనె ఊరుతూనే ఉంటుంది.

మీ వ్యాసంలో సగం ఇలాంటి ఆఫ్రికా శిల్పాల ప్రభావం పడిన యూరప్ చిత్రకారుడు పికాసో గురించే, ఈ బొమ్మలు అక్కడికి ఎలా చేరాయో మాత్రం లేదు. ఫ్రెంచి పాలనలో మిషనరీలూ అధికారులూ ఈ ఆచారాన్ని అణచేశారు, బొమ్మలు యూరప్ వ్యాపారుల చేతికి పోయాయి, కొనేవాళ్ళకు శిల్పం కావాలి, పుర్రెలు అక్కర్లేదు, అందుకే చాలావాటికి ఇవాళ డబ్బా లేదు. ఇదీ రాయాల్సింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చెక్కతో చేసిన ఒక ప్రసిద్ధ ఫాంగ్ తల బొమ్మ ఉంది. అది శిల్పి జాకబ్ ఎప్‌స్టైన్ దగ్గర ఉండేదని రికార్డుల్లో ఉంది, చెక్కినవాడి పేరు మాత్రం లేదు.

ఇంకోటి, పక్కన వేసిన ఇత్తడి, రాగి రేకుల బొమ్మ ఫాంగ్ వాళ్ళది కానే కాదు, అదే గాబన్‌లోని కోటా వాళ్ళది. అదీ పెద్దల ఎముకల మూట మీద నిలబెట్టేదే.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. ఇలాంటి ఫొటో వేసినప్పుడల్లా ఏ జనానిది, దేనికి వాడేవాళ్ళు అన్నది ఒక్క లైనైనా రాయండి. మా ఊరి బడిపిల్లలు మీ పేజీలు కత్తిరించి ప్రాజెక్టుల్లో అతికించుకుంటారు, ఆ ‘భూతం’ కూడా అలాగే అతుక్కుపోతుంది.

– ఒక పాఠకురాలు, ఖమ్మం