మానని కుట్టుకు పూచీ ఎవరిది?

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు రోడ్ల మీద ఈమధ్య పొట్ట తగ్గించే ఆపరేషన్ల బోర్డులు బాగా కనిపిస్తున్నాయి. ఒక పక్క పాత పొట్ట, ఇంకో పక్క కొత్త పొట్ట, కింద ప్యాకేజీ ధర. మధ్యలో గాయం మానడానికి పట్టే రోజుల ఊసే ఉండదు. ఆ రోజులు మా ఇంట్లో గడిచాయి కాబట్టి రాస్తున్నాను.

మా చెల్లెలికి రెండు సిజేరియన్లు. పొట్ట కండరాలు ఎడమైపోయి చర్మం మడతపడి వేలాడేది. ఎండాకాలం వస్తే ఆ మడత కింద ఒరుసుకుని పుండ్లు పడేవి. ఎంత నడిచినా అది తగ్గే రకం కాదు. చివరికి టమ్మీ టక్, అంటే వేలాడే పొట్ట చర్మాన్ని కోసి తీసేసి బిగించి కుట్టే ఆపరేషన్, చేయించుకుంది. ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోత. పదో రోజున కోతకు సరిగ్గా నడిమధ్య చర్మం నల్లబడింది, ఆ తర్వాత రెండు రోజులకే కుట్లు విడిపోయాయి. ఆసుపత్రిలో అడిగితే "ఇది మామూలేనమ్మా, డ్రెస్సింగ్ చేయించుకోండి" అన్నారు. దానికి మళ్ళీ వేరే బిల్లు. పుండు పూడటానికి రెండున్నర నెలలు పట్టింది.

మామూలే అన్నది అబద్ధమేమీ కాదు. తర్వాత మేం చూపించుకున్న ఇంకో సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఈ ఆపరేషన్‌లో పొట్ట చర్మాన్ని కండరం మీద నుంచి పక్కటెముకల దాకా లేపుతారు. అడుగు నుంచి రక్తం తెచ్చే నాళాలు చాలావరకు తెగిపోతాయి. ఆ చర్మాన్ని కిందికి లాగి కుడతారు కాబట్టి పొత్తికడుపు మధ్యలో రక్తం తక్కువ అందుతుంది, లాగుడు ఎక్కువ పడుతుంది. షుగర్ అదుపులో లేకపోయినా, ఒళ్ళు లావుగా ఉన్నా, పొగ తాగినా గాయం మానడం ఇంకా కష్టం. సిగరెట్లు కనీసం 4 వారాల ముందే మానమనేది అందుకే. చర్మం కింద నీరు చేరడం కూడా తరచూ జరిగేదే. ఇంత తెలిసిన సంగతిని ముందు ఎందుకు చెప్పలేదన్నదే నా ఫిర్యాదు. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది, అదీ థియేటర్‌లోకి తీసుకెళ్ళే గంట ముందు చేతికొచ్చింది.

తప్పు మా వైపు కూడా ఉంది. పప్పు తింటే చీము పడుతుందని అమ్మ మూడు వారాలు చారన్నంతోనే నెట్టించింది, గుడ్డు కూడా పెట్టలేదు. గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులనే మేం మాన్పించామన్నమాట. డిశ్చార్జి కాగితంలో తిండి గురించి తెలుగులో ఒక్క వాక్యం ఉంటే సరిపోయేది. అమ్మ డాక్టరు రాసింది తప్ప ఎవరి మాటా వినదు. ఇక చెల్లెలు వాసన వస్తున్నా, జ్వరం తగిలినా రెండు రోజులు దాచింది. "సోకుకు పోయింది, అనుభవిస్తోంది" అంటారని భయం. అనేవాళ్ళు ఆ మడత కింది పుండ్లతో మే నెలలో గుంటూరులో ఒక్క వారం ఉండి చూడాలి.

ఆరోగ్య బీమాలో సౌందర్య చికిత్సలకు మినహాయింపు ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే సర్జరీ వేరే సంగతి. డ్రెస్సింగ్ ఖర్చుకు మేం పెట్టిన క్లెయిమ్ కూడా తిరిగొచ్చింది.

రోగికి చికిత్స ఏమిటో, అందులో ముఖ్యమైన ప్రమాదాలేమిటో, వేరే దారులేమున్నాయో చెప్పి తీసుకుంటేనే అది సమ్మతి అని 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అడిగిన 72 గంటల్లో చికిత్స రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నడవడి నిబంధనలు చెబుతున్నాయి. మాకు పదకొండు రోజులు పట్టింది.

ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్లు చూసే జిల్లా వైద్య ఆరోగ్య అధికారులను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. సమ్మతి పత్రం తెలుగులో, కనీసం ఒక రోజు ముందు ఇవ్వాలి. కుట్లు విడిపోతే డ్రెస్సింగుకు, మళ్ళీ కుట్టడానికి అయ్యే ఖర్చు ఎవరిదో ప్యాకేజీ కాగితం మీదే రాయాలి. సర్జన్ ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే పై చదువు చేశారో లేదో బోర్డు మీద కనబడాలి. రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి నంబరు కూడా ఇవ్వాలి, రిసెప్షన్‌ది కాదు.

పేరు రాయనందుకు క్షమించాలి. మా వీధిలో అందరూ చెల్లెలికి హెర్నియా ఆపరేషన్ అయిందనే అనుకుంటున్నారు.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు