పేరు అడక్కుండా పని చేసిపెట్టిన వాళ్లకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల్ని దత్తత తీసుకున్న కుటుంబాల తరఫున, దత్తత వచ్చి ఇప్పుడు పెద్దవాళ్లయిన కొందరి తరఫున ఈ నాలుగు మాటలు. సాయం చేసినవాళ్లలో చాలామంది తమ పేర్లు బయటపెట్టొద్దన్నారు. పెట్టడం లేదు. చేసిన పని మాత్రం విడమరిచి రాస్తున్నాం. రేపు ఆమదాలవలస నుంచో బొబ్బిలి నుంచో ఇంకొకరు అదే కౌంటరు ముందు నిలబడతారు, వాళ్లకు పనికొస్తుంది.

మొదటి దండం రాజాంలో జెరాక్సు షాపు నడిపే తమ్ముడికి. దత్తత కోసం కేంద్ర పోర్టల్లో పేరు నమోదు చేయమని వెళ్లినవాళ్లను అతను ముందు వెనక్కి పంపుతాడు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తిగా, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకో స్పెల్లింగు: మన దగ్గర ఇది ఇంటింటి బాధే. నమోదు చేశాక కాగితాలు ఎక్కించడానికి 30 రోజులే గడువు. దిద్దుబాట్లకు అంతకన్నా ఎక్కువ పట్టొచ్చు. అందుకే మూడూ ఒకేలా ఉన్నాకే మొదలుపెడతాడు. పెళ్లి రిజిస్టరు కాని జంటను ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి తోలుతాడు. 2022 ఏప్రిల్లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది, ఆధార్లు మాత్రం చాలామందివి పాత జిల్లాతోనే ఉన్నాయి. జిల్లా తప్పు పడితే ఇంటి పరిశీలన (సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చూసి నివేదిక రాయడం) ఫైలు పక్క జిల్లాకి పోయి కూర్చుంటుంది. ఇంకో మాట కూడా చెప్పి పంపుతాడు: ఇచ్చిన ఫోను నంబరు రీచార్జి ఆగకూడదు. బిడ్డ వివరాలు వచ్చాక ఒప్పుకుని రిజర్వు చేయడానికి ఉండేది 48 గంటలే. ఏళ్ల తరబడి ఎదురుచూసి, సిమ్ము చచ్చిపోయి మెసేజ్ అందకపోతే ఎవరిని తిట్టుకుంటాం?

ఇంటి పరిశీలనకు వచ్చిన సోషల్ వర్కర్ అమ్మగారు ఇంట్లో సోఫా ఉందా అని చూడలేదు. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అబ్బాయికి, కోడలికి ఏదైనా అయితే ఈ బిడ్డను ఎవరు చూస్తారు?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్న అదే. ఆవిడ రాసిన నివేదిక మూడేళ్లు చెల్లుతుంది. ఆలోగా ఉద్యోగం మారినా ఇల్లు మారినా వెంటనే చెప్పమన్నారు.

పిల్లల డాక్టరుగారి గురించి కొంచెం ఎక్కువ రాయాలి. రిజర్వు చేశాక వచ్చే వైద్య నివేదికను మనకు నమ్మకమున్న డాక్టరుకు చూపించుకోవచ్చు. ఇది చాలామందికి తెలీదు. ఒక నివేదికలో హెచ్ఐవీ యాంటీబాడీ పాజిటివ్ అని ఉంటే ఇంట్లో అందరికీ గుండె జారింది. 18 నెలల లోపు బిడ్డలో ఆ యాంటీబాడీలు తల్లివి కూడా కావచ్చు, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తేనే తేలుతుంది అని ఆయన కాగితం మీద గీసి చూపించారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా ఎదుగుదలను పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేయాలన్నారు. టీకాల కార్డు లేని బిడ్డకు "వేసుంటారులే" అనుకోలేదు, వేయనట్టే లెక్కగట్టి వయసుకు తగ్గట్టు మళ్లీ మొదలుపెట్టారు. అన్నిటికన్నా మాకు నచ్చింది ఇంకొకటి. "మీ వంశంలో షుగరుందా, ఫిట్సుందా" అన్న గడిలో, బిడ్డ ముందు ఒక్క మాట అడక్కుండా "వివరాలు లభ్యం కావు" అని రాసి పేజీ తిప్పేశారు.

దత్తతకు ముందు బిడ్డలుండే శిశుగృహలోని ఆయమ్మలకు ఎంత చెప్పినా తక్కువే. ఏ పాలపొడి, ఎన్ని చెంచాలు, ఎన్ని గంటలకోసారి, వెల్లకిలా పడుకుంటుందా పక్కకు తిరిగి పడుకుంటుందా అన్నీ కాగితం మీద రాసిచ్చారు. పాలపొడి ఒక్కసారిగా మార్చొద్దు, కొన్నాళ్లు పాతదే వాడి నెమ్మదిగా మార్చండి అన్నారు. బిడ్డ కప్పుకున్న దుప్పటి ఉతక్కుండా ఇచ్చారు. తెలియని ఇంట్లో మొదటి రాత్రి ఆ వాసనే బిడ్డకు తెలిసిన చోటు.

ఒక ఊరి ఆశా కార్యకర్తకు ప్రత్యేకంగా నమస్కారం. పుట్టిన బిడ్డను వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ చేయించి చేతులు మార్చేయబోతుంటే ఆవిడ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. అది దత్తత కాదు. బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి సిబ్బంది చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందుకెళ్లి బిడ్డను అప్పగించవచ్చు, తర్వాత 60 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. ఆ 60 రోజులు కన్నతల్లివి. స్టాంపు కాగితం ముందు వాటినే మింగేస్తుంది.

2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు కాదు, కలెక్టరుగారు ఇస్తున్నారు. కలెక్టరాఫీసులో ఆ పని చూసే గుమాస్తాగారు సంతకానికి పెట్టేముందే డ్రాఫ్టు చూపించి బిడ్డ పేరు, పుట్టిన తేదీ, మా ఇంటిపేర్లు అక్షరం అక్షరం చదివించారు. తర్వాత జనన ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్టు అన్నీ దాన్ని బట్టే కదా. ఆధార్ కేంద్రంలో అమ్మాయి ఆదుకుంది: అయిదేళ్లు దాటిన బిడ్డకు సంస్థలో ఉండగానే ఆధార్ తీసి ఉంటే, కొత్త పేరుతో మళ్లీ నమోదు చేయొద్దు, వేలిముద్రలు పాతవాటితో కలిసి తిరస్కరిస్తుంది, ఉత్తర్వు చూపించి పాతదాన్నే మార్పించాలి అని చెప్పింది.

ఒకటో తరగతి టీచరమ్మకు వంశవృక్షం ప్రాజెక్టు మార్చినందుకు థాంక్స్. "పుట్టినప్పటి ఫొటో తెండి" అన్నది తీసేసి "మా ఇంట్లో ఎవరెవరున్నారు" అని పెట్టారు. ఆ క్లాసులో అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలకూ హాయైంది.

దత్తత వచ్చిన పెద్దపిల్లలు మాతో మొహమాటం లేకుండా మాట్లాడారు. "దత్తత" అన్న మాట అర్థం కాని వయసు నుంచే చెవిన వేయమన్నారు, లేకపోతే ఏ పెళ్లిలోనో ఎవరో బంధువు "సొంత పిల్లేటి?" అని బయటపెడతారట. నిజమే. 18 దాటాక తమ పుట్టుక మూలాలు వెతికిపెట్టమని సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చని, అంతకన్నా చిన్నవాళ్లయితే అమ్మానాన్నలతో కలిసి చేయాలని, మధ్యలో ఏజెంట్లు ఎవరూ అక్కర్లేదని వాళ్లే చెప్పారు.

చివరిగా, రెండొందల మందితో తలపెట్టిన బారసాలలు వాయిదా వేసిన నాన్నమ్మలకు. మొదటి కొన్ని వారాలు అమ్మానాన్నలే ఎత్తుకోవాలి, వాళ్లే తినిపించాలి, బిడ్డను చేతులు మార్చకూడదు అంటే ముందు మూతి ముడిచారు. తర్వాత వాళ్లే గుమ్మంలో నిలబడి చుట్టాల్ని ఆపారు. ఆ భోజనాలు ఇంకా బాకీ ఉన్నాయి, సంక్రాంతి దాటాక పెడతామంటున్నారు.