మన పిల్లల స్ట్రింగ్స్, బ్యాండ్ షీట్ మ్యూజిక్ నిధి: ఈ ఏడాది జమా ఖర్చులు

అందరికీ నమస్కారం అండి. లెక్క కాస్త లేటయింది, చివరి ఓచరు చేతికొచ్చేదాకా ఆగుదాంలే అని ఆగాం, అది మా తప్పే. ఈలోపు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు మొహం మీదే అడిగారు, స్వరాలు రాసిన నాలుగు కాగితాల కోసం ఇంత డబ్బా, నెట్‌లో ఫ్రీగా దొరుకుతున్నవి కదా అని. అడిగినందుకు సంతోషమే, వెనకాల చెవులు కొరుక్కునే కన్నా అదే నయం. అందుకే ఈసారి ఒట్టి పద్దులు కాకుండా ఏ డబ్బు ఎందుకు పోయిందో కూడా రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. అసలు అంకెలు, రసీదులు రిహార్సల్ గది బయట బోర్డుకి అంటించాం. ఇక్కడ మాత్రం అర్థం కావడానికి వీలుగా మొత్తం జమని వంద పాళ్ళు అనుకుని రాస్తున్నా.

ముందు జమ, ఇది చిన్నదే. ఇళ్ళ నుంచి వచ్చిన చందా 52, కచేరీ టికెట్లు 21, విడిగా ఇచ్చిన విరాళాలు 12, విరిగిన పాత మ్యూజిక్ స్టాండ్లు అమ్మితే వచ్చినవి 5, పోయినేడు మిగులు 10. చందా కట్టలేకపోయిన వాళ్ళ పేర్లు బోర్డు మీద పెట్టలేదు, పెట్టం కూడా, దయచేసి ఆ సంగతి మళ్ళీ అడగొద్దు.

ఇక ఖర్చు. అన్నిటికన్నా పెద్దది కొన్న సెట్లు, 31. ఇందులో స్ట్రింగ్స్‌కి (వయొలిన్ లాంటి తీగ వాయిద్యాలు) 12, బ్యాండ్‌కి (ఊదేవి, డ్రమ్స్) 19. బ్యాండ్‌కి అంత ఎక్కువేంటని మొదట మీటింగులో నేనే అడిగాను కాబట్టి నాకు దొరికిన జవాబే మీకూ చెప్తున్నా. స్ట్రింగ్ ఆర్కెస్ట్రా సెట్టు కొంటే మామూలుగా ఒక స్కోరు (అన్ని వాయిద్యాలవీ కలిపి రాసిన మాస్టారి ప్రతి), ఫస్ట్ వయొలిన్ 8, సెకండ్ వయొలిన్ 8, వియోలా 5, చెల్లో 5, డబుల్ బేస్ 5 కాపీలు వస్తాయి. స్ట్రింగ్స్ వాళ్ళు ఒక్కో స్టాండుకి ఇద్దరు కూర్చుంటారు కాబట్టి 8 కాపీలు 16 మందికి సరిపోతాయి. మనకి వయొలిన్లు 14, 14, వియోలాలు 7, చెల్లోలు 9, బేసులు 3, అంటే చెల్లోలకి సరిగ్గా 5 స్టాండ్లు, ఒక్క కాగితం పోయినా ఇబ్బందే గానీ మొత్తానికి ఒక్క సెట్టుతో గట్టెక్కాం. బ్యాండ్ అలా కాదు, ఊదే పిల్లలు దాదాపుగా ఎవరి స్టాండు వాళ్ళదే, పైగా పార్టులు, అంటే ఒక్కో వాయిద్యానికి విడిగా రాసిన కాగితాలు, ఎన్ని రకాలో, ఫ్లూట్ ఒకటి, క్లారినెట్ మూడు, ఆల్టో సాక్స్, టెనర్ సాక్స్, ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్, యూఫోనియం, మళ్ళీ డ్రమ్స్ వాళ్ళకి స్నేర్ వేరు, బేస్ డ్రమ్ వేరు, బెల్స్ వేరు. అందుకే స్కోరే లావుగా పుస్తకంలా ఉంటుంది, ధరా అలాగే ఉంటుంది.

ఈ 31లో ఒక పొరపాటు కొనుగోలు ఉంది, దాచడం లేదు. బ్యాండ్ పీసుల మీద చాలామంది పబ్లిషర్లు 1 నుంచి 6 దాకా గ్రేడ్ వేస్తారు, 1 అంటే ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళకి. మనవాళ్ళు 1కి 3కి మధ్య ఉన్నారు కదా అని మీద 2 అని చూసి ఒక సెట్టు తీసుకున్నాం. ఇంటికొచ్చి స్కోరు తెరిస్తే రెండో క్లారినెట్ పార్టంతా బ్రేక్ మీదే, అంటే కింది స్వరాల నుంచి పై స్వరాలకి మారే చోటే, అటూ ఇటూ దూకుతోంది. క్లారినెట్ ఊదే పిల్లల ఇళ్ళలో వాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది, 'ఏ' అనే స్వరం దగ్గర దాదాపు వేళ్ళన్నీ పైకి లేచి ఉంటాయి, దాని పక్కనే ఉన్న బీ కి వెళ్ళాలంటే ఒక్కసారిగా అన్ని రంధ్రాలూ మూసి రిజిస్టర్ కీ నొక్కాలి, మొదటి ఏడాది పిల్లలకి అది కీచుమనడం తప్ప ఇంకేం రాదు. ఆ సెట్టు బీరువాలో ఉంది, వచ్చే ఏడాది పనికొస్తుంది. ఇక మీదట గ్రేడ్ చూసి కొనం, శాంపిల్ పేజీలు మాస్టారికి చూపించే కొంటాం.

రెండోది అరేంజ్‌మెంట్ ఫీజు, అంటే ఉన్న పాటని మన పిల్లల వాయిద్యాలకి సరిపడేలా మార్చి రాసినందుకు, 27. గొడవంతా దీని మీదే. నెట్‌లో ఫ్రీగా ఉన్నదానికి మనిషికి డబ్బులివ్వడమేంటని. ఫ్రీగా ఉన్న మాట నిజమే, ఐఎంఎస్‌ఎల్‌పీ అనే సైటులో 2006 నుంచి కాపీరైటు తీరిపోయిన స్కోర్లు పెడుతూనే ఉన్నారు, మేమూ అక్కడే వెతికాం. కానీ అక్కడ దొరికేది స్వరకర్త తనకి తోచినట్టు రాసింది, మన పిల్లలకి కావాల్సింది మన పిల్లల కోసం రాసింది. పాకెల్‌బెల్ కానన్‌నే తీసుకోండి. ఆ పాతకాలపు స్వరకర్త పోయింది 1706లో, కాపీరైటు గొడవే లేదు. కానీ ఆయన రాసింది మూడు వయొలిన్లకీ ఒక బేస్ లైనుకీ, అందులో వియోలా అనేదే లేదు, మరి మన 7 మంది వియోలా పిల్లలు చేతులు కట్టుకు కూర్చోవాలా? చెల్లోల సంగతి ఇంకా ఘోరం, అవే 8 స్వరాలు మొదట్నుంచి చివరిదాకా 28 సార్లు. ఒక చెల్లో పాప రెండో రిహార్సల్‌కే నేను మానేస్తానంది, నిజంగా. అరేంజర్ గారు వియోలాకి కొత్త లైను రాశారు, మధ్యలో రెండుచోట్ల అసలు పాటని చెల్లోలకిచ్చి ఆ 8 స్వరాలూ బేసులకి అప్పజెప్పారు, వేగంగా పరిగెత్తే చోట్ల సెకండ్ వయొలిన్లకి సగం స్వరాలు తగ్గించి ఫస్ట్ పొజిషన్ దాటకుండా, అంటే చెయ్యి తీగ మీద పైకి జరపక్కర్లేకుండా చూశారు, బోయింగ్ గుర్తులు (విల్లు ఎటు లాగాలో చెప్పేవి) అందరికీ ఒకే వైపు వచ్చేలా వేశారు. పాప మానలేదు.

ఇంకా పెద్ద పని ముగింపులో స్ట్రింగ్స్, బ్యాండ్ కలిసి వాయించిన పీసుది, 27లో 15 దానికే. రెండు గ్రూపులూ ఉన్నాయి కదా కలిపి కూర్చోబెడితే అయిపోయె అని అనుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తీరా చూస్తే శృతి దగ్గరే పేచీ. వయొలిన్ తీగలు జీ, డీ, ఏ, ఈ, అందుకే చిన్నపిల్లలకి డీ మేజర్, జీ మేజర్ సులువు. బ్యాండ్‌లో చాలా వాయిద్యాలు బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్‌లవి, అంటే కాగితం మీద సీ చూసి ఊదితే బయటికి బీ ఫ్లాటో ఈ ఫ్లాటో వినిపిస్తుంది, అందుకే వాళ్ళ పార్టు వేరే శృతిలో రాయాలి, వాళ్ళు మొదలుపెట్టేదే బీ ఫ్లాట్ మేజర్‌తో. స్ట్రింగ్స్ కోసం డీ లో పెడితే క్లారినెట్, ట్రంపెట్ పిల్లల కాగితం మీద 4 షార్పులు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు, ఎక్కువైతే కష్టం) వస్తాయి, ఆల్టో సాక్స్‌కి 5. పోనీ బ్యాండ్ కోసం బీ ఫ్లాట్‌లో పెడితే వయొలిన్ పిల్లలకి వేలు పెట్టకుండా మోగించే 'ఈ' తీగ దాదాపు పనికిరాకుండా పోతుంది, వేళ్ళన్నీ వెనక్కి లాగాలి. ఆఖరికి ఎఫ్ మేజర్‌లో తెగ్గొట్టారు, స్ట్రింగ్స్‌కి ఒక ఫ్లాట్, క్లారినెట్‌కి ఒక షార్పు, ఆల్టోకి 2, హార్న్‌కి అసలేమీ లేవు. అందరూ తలా కొంచెం కష్టపడ్డారు, ఎవరూ ఏడవలేదు. మనకి ట్యూబా లేదు, ఓబో లేదు, బసూన్ లేదు, హార్న్ ఒక్కటే. ట్యూబా లైను డబుల్ బేసుకీ యూఫోనియంకీ పంచాలి, ఓబో సోలో ఫ్లూట్‌కి ఇవ్వాలి, నలుగురు హార్న్‌లు పట్టాల్సిన స్వరాలు సాక్స్‌లకీ ట్రాంబోన్లకీ సర్దాలి. ఇవన్నీ ఏ సైటులోనూ మనకోసమని ఎవరూ చేసిపెట్టి ఉంచరండి.

అనుమతులకి 8. పిల్లలు ఓటేసి ఎంచుకున్న పాట ఇప్పుడున్న సంగీత దర్శకుడిది. పుస్తకం కొన్నాం కదా అని దాన్ని మన ఇష్టమొచ్చినట్టు వాయిద్యాలకి మార్చి రాసుకునే హక్కు రాదు, మార్చి రాయడానికి విడిగా అడగాలి, నలుగురి ముందు వాయించడానికి మళ్ళీ విడిగా. 8లో మొదటిదానికి 5, రెండోదానికి 3. జవాబు రావడానికి పట్టిన టైముకి ఇంకో పాట నేర్చుకోవచ్చు, అది వేరే కథ. మన కానన్ అరేంజ్‌మెంట్ విషయంలో కూడా ఒక మాట, అసలు స్వరాలకి కాపీరైటు లేదు గానీ అరేంజర్ గారు చేసిన పనికి ఉంది, మనకి ఇచ్చింది మన గ్రూపుల్లో ఎన్నేళ్ళైనా వాయించుకునే రాత, వేరే వాళ్ళకి ఫార్వర్డ్ చేసే రాత కాదు. ఆ పీడీఎఫ్ ఇప్పటికే ఒక వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని తెలిసింది, పంపినవాళ్ళు డిలీట్ చేయండి.

కొన్న సెట్లని ఇంట్లో ప్రాక్టీసుకి జెరాక్స్ ఎందుకు తీయనివ్వలేదు అన్నదానికీ జవాబు ఇదే. స్టాండుకి ఒకటే కాపీ కాబట్టి ఇంటికి ఒకరే తీసుకెళ్తారు, రెండో పిల్లాడు ఏం చేయాలి అన్నారు, న్యాయమైన ప్రశ్నే. రెండు సెట్లకి పబ్లిషర్లని అడిగితే గ్రూపులో పిల్లల వరకు ప్రింట్ తీసుకునే డిజిటల్ లైసెన్సు ఉందన్నారు, అది తీసుకున్నాం, ఆ ఖర్చు 31లోనే కలిసి ఉంది. మిగతావాటికి అలా లేదు, వారం మార్చి వారం తీసుకెళ్ళమన్నాం.

ప్రింటింగ్, కాగితం 13. మామూలు పల్చటి కాగితం మీద వేయొచ్చుగా అన్నారు, ఒకసారి వేశాం కూడా, ఫ్యాన్ వేస్తే స్టాండు మీద నుంచి ఎగిరిపోయాయి, వెనక పేజీ స్వరాలు ముందుకి కనిపించాయి. ఇప్పుడు ఏ3 మందపాటి కాగితం మధ్యకి మడిచి నాలుగు పేజీల పుస్తకంలా వేస్తున్నాం, ఐదు గీతల వరస ఎత్తు 7 మిల్లీమీటర్లకి తగ్గకుండా, ఎందుకంటే ఇద్దరు పిల్లలు ఒకే కాగితం దూరం నుంచి చూడాలి. పేజీ తిప్పే చోట విరామం పడేలా సర్దడం కూడా అరేంజర్ గారి పనే. స్ట్రింగ్స్‌లో లోపలి వైపు కూర్చున్న పిల్లాడు పేజీ తిప్పుతాడు, ఆ రెండు క్షణాలు సెక్షన్లో సగం మంది ఆగిపోతారు. పోయినేడు కచేరీలో ఒకచోట సంగీతం సన్నబడిపోయింది చూశారా, కారణం అదే.

ఇప్పుడు మేం తలొంచుకోవాల్సిన పద్దు. వృథా ప్రింటు, 4. కలిపి వాయించే పీసు పార్టులు సాఫ్ట్‌వేర్ నుంచి తీసేటప్పుడు కాన్సర్ట్ పిచ్ బటన్, అంటే అన్ని పార్టులనీ బయటికి వినిపించే శృతిలోనే చూపించేది, ఆన్‌లో ఉండిపోయింది. అంటే అందరి కాగితాల మీదా ఎఫ్ మేజరే పడింది. మేం చూసుకోకుండా ప్రింటుకిచ్చేశాం. మొదటి రిహార్సల్‌లో మాస్టారు చెయ్యి దించగానే ఫ్లూట్లు, ట్రాంబోన్లు, స్ట్రింగ్స్ ఎఫ్ పట్టాయి, క్లారినెట్లు, ట్రంపెట్లు ఈ ఫ్లాట్, ఆల్టో సాక్స్ ఏ ఫ్లాట్, మన ఒక్కగానొక్క హార్న్ బీ ఫ్లాట్, అన్నీ ఒకేసారి. పిల్లలు కింద పడి నవ్వారు, మాకు మాత్రం నవ్వు రాలేదు. క్లారినెట్లు 11, ఆల్టోలు 6, టెనర్లు 2, ట్రంపెట్లు 7, హార్న్ 1, మొత్తం 27 పార్టులు మళ్ళీ వేయించాం. అరేంజర్ గారు సరిచేసిన ఫైళ్ళకి పైసా తీసుకోలేదు, ప్రింటు ఖర్చు మాత్రం నిధిలోంచే పోయింది. దీన్ని ప్రింటింగు పద్దులో కలిపేస్తే ఎవరికీ తెలిసేది కాదని కమిటీలో ఒకరన్నారు, కలపలేదు.

మిగతావి త్వరగా. పోయిన పార్టుల బదులు పబ్లిషర్ దగ్గర విడిగా తెప్పించినవి 3, ఇందులో మూడో క్లారినెట్ ఒక్కటే రెండుసార్లు పోయింది, ఎవరని అడగం. పాత ఫైళ్ళున్న సాఫ్ట్‌వేర్ తయారీ ఆగిపోయింది కాబట్టి వాటిని మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అనే, వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే ఫైళ్ళలోకి మార్చి, మ్యూజ్‌స్కోర్ అనే స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సరిచేయించడానికి 2, మ్యూజ్‌స్కోర్ ఉచితమే గానీ చెదిరిపోయిన గుర్తులన్నీ కూర్చుని సర్దిన కాలేజీ అబ్బాయికి ఇవ్వాలిగా. నల్ల ఫోల్డర్లు, క్లిప్పులు, పార్టులు దాచే పెట్టెలు 5.

కూడితే 93, నిల్వ 7, బ్యాంకు పాస్‌బుక్కుతో సరిపోయింది, లెక్క చూసిన ఇద్దరూ కమిటీ బయటివాళ్ళే. ఈ 7 ముట్టుకోవట్లేదు, వచ్చే ఏడాది ఓబో నేర్చుకుంటామని ఇద్దరు పిల్లలు పేరిచ్చారు, వాళ్ళు నిలబడితే ఫ్లూట్‌కిచ్చిన ఆ సోలో మళ్ళీ ఓబోకి రాయించాలి, ఫ్లూట్ పిల్లలకి ఈ మాట ఇంకా చెప్పలేదు.

ఏ పద్దు మీదైనా అనుమానం ఉంటే ఆదివారం రిహార్సల్ అయ్యాక ఓచర్ల ఫైలు పట్టుకుని అక్కడే ఉంటా, వచ్చి చూసుకోండి. కానన్ రెండో వియోలా స్టాండు పార్టు, బెల్స్ పార్టు ఇంకా వెనక్కి రాలేదు, మీ పిల్లల బ్యాగులు ఒకసారి దులిపి చూడండి.