టాప్ మీద డ్రిల్లు పెట్టనిచ్చే ముందు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది రాజోలు దగ్గర, రొయ్యల చెరువులు, కాస్త కొబ్బరితోట ఉన్నాయి. ఈమధ్య మా కోనసీమలో ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నవాళ్ళు చాలామంది పైన క్యారియర్ పెట్టించుకుంటున్నారు. పాత జీపులకి వాన నీళ్ళు జారే అంచు ఉండేది, దానికే క్లాంపులు బిగిస్తే పనైపోయేది, ఇప్పటి బండ్లకి ఆ అంచు లేక టాప్‌కి రెండు పక్కలా అల్యూమినియం ట్రాక్‌లు వేసి వాటిమీద అడ్డకమ్మీలు పెడుతున్నారు. నేను దెబ్బతిన్నది అక్కడేనండి.

పోయిన ఎండాకాలం ఒక షాపులో వేయించాను, గంటన్నరలో బండి ఇచ్చేశారు. జూలైలో ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు, ఐదో రోజు చూస్తే లోపలి లైటు గ్లాసులో నీళ్ళు నిలబడి ఉన్నాయి. టింకరింగ్ మేస్త్రి టాప్ లోపలివైపు ఉండే లైనింగ్ దించి చూపించేసరికి నాకు నోట మాట రాలేదు. మామూలు స్క్రూలు రేకులోకి దించేసి పైన బాత్రూముల్లో వాడే పుల్లటి వాసనొచ్చే సిలికాన్ పూశారు, అది ఆరేటప్పుడు యాసిడ్ వదుల్తుంది, పెయింట్ లేచిన రేకుని అదే తినేస్తుంది. కన్నం చుట్టూ రూపాయి బిళ్ళంత తుప్పు. డ్రిల్లు కొట్టిన ఇనప రజను కూడా తుడవలేదు, అది పెయింట్‌కి అతుక్కుని టాప్ అంతా ఎర్ర చుక్కలు. అసలే మాది ఉప్పు గాలి, కొత్త గేటుకే పొక్కులొచ్చే ఊళ్ళు.

మేస్త్రి మళ్ళీ మొదలెట్టాడు. ముందు లైనింగ్ దించాలి, ఎందుకంటే పక్క అంచుల్లో, బండి గుద్దుకుంటే పక్క అద్దాలకి అడ్డంగా ఉబ్బే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, వైర్లు ఉంటాయి, గుడ్డిగా డ్రిల్లు దించితే ప్రాణాలమీదకొస్తుంది. తుప్పు గీకి, అంచులకి ప్రైమర్ కొట్టి రాత్రంతా ఆరనిచ్చాడు. పొద్దున్న రివ్‌నట్‌లు, అంటే కన్నంలో దూరి లోపలివైపు ఉబ్బి రేకుని పట్టుకునేవి, అవి వేసి, ముందద్దం అతికించే పాలీయూరిథేన్ సీలెంట్ కన్నం చుట్టూ, బోల్టు మరలకీ పెట్టి బిగించాడు. స్టీలు బోల్టు, అల్యూమినియం ట్రాక్ నేరుగా తగిలితే ఉప్పు గాలికి అల్యూమినియం తెల్లగా పొడైపోతుందని మధ్యలో నైలాన్ వాషర్లు కూడా వేశాడు. రెండు రోజుల పని, కానీ పనంటే అదండి.

ఇంకోటి, బరువు. మా బండి మాన్యువల్లో టాప్ మీద 75 కిలోలే అని ఉంది, క్యారియరే 25 కిలోలు, అంటే మిగిలింది రెండు మేత బస్తాలు. కొందరు చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు, పైపులు, పైన కొబ్బరి గెలలు వేసుకుని చించినాడ బ్రిడ్జి మీద పోతుంటే నాకు గుండె దడ, పైన బరువు పెరిగితే మలుపులో బండి ఒరిగిపోతుంది. ట్రాక్ మీద రాసిన కిలోలు చూసి మురిసిపోకండి, ట్రాక్‌ది, కమ్మీలది, బండిది మూడింట్లో ఏది తక్కువైతే అదే లెక్క.

కంపెనీ ఇచ్చిన బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు ఉంది కాబట్టి ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగడం మంచిది.

ట్రాక్‌లు వేసే షాపులవాళ్ళకి నాదొకటే మనవి, లైనింగ్ దించకుండా డ్రిల్లు పట్టుకోవద్దు. ఎడిటర్ గారూ, వానాకాలం రాకముందే దీనిమీద తెలిసిన ఇంజినీరు గారితో బొమ్మలతో ఒక వ్యాసం రాయించి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజోలు