ఆరో వారంలో పాప తుంటి కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా పాప ఎదురుకాళ్ళతో పుట్టింది. ఎదురుకాళ్ళ పిల్ల పాదం తగిలితే నడుం పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. బారసాల అయ్యిందో లేదో, ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి పాప కాలు నడుముకి ఆనించుకుని వెళ్ళారు. అంతమంది ముట్టుకున్న కాళ్ళలో ఒకటి తుంటి గిన్నెలో సరిగా కూర్చోలేదని ఎవరికీ తెలియలేదు.

అనుమానం వచ్చింది ఒక్కరికే, నీళ్ళు పోసే ముసలమ్మకి. కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాస్తూ, "ఎడమ కాలు విచ్చుకోవట్లేదమ్మా, ఎవరికైనా చూపించు" అంది. టీకాకి వెళ్ళినప్పుడు స్కానింగ్ చేస్తారా అని అడిగాను. "స్కానింగ్ కడుపుతో ఉన్నవాళ్ళకి. పుట్టేసిన పిల్లకి దేనికి?" అన్నారు. నేనూ సరే అనుకుని వచ్చేశాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

పద్నాలుగో నెలలో పాప అడుగులు వేసింది. కుంటుతోంది. విశాఖ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే తుంటి జారిపోయి ఉంది. ఆపరేషన్ చేసి, నడుం నుంచి కాళ్ళ దాకా మూడు నెలలు సిమెంట్ కట్టు వేశారు. కాళ్ళు ఎడంగా పెట్టి కట్టిన పిల్లని ఎత్తుకుని గుణుపూర్ పాసింజర్‌లో తిరిగి వస్తుంటే సీటు చాలక సగం దూరం నిలబడే వచ్చాను.

ఆపరేషన్ చేసిన డాక్టరు గారు అప్పుడు చెప్పిన సంగతి ప్రతి తల్లికీ తెలియాలి. పసిపిల్లల తొడ ఎముక తల మొదట్లో మెత్తటి మృదులాస్థి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య గాని అక్కడ ఎముక గట్టిపడడం మొదలవదు. అందుకని అప్పటిదాకా ఎక్స్‌రేలో అది సరిగా కనిపించదు, అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో కనిపిస్తుంది. ఆస్ట్రియా డాక్టరు రైన్‌హార్డ్ గ్రాఫ్ 1980లోనే దీనికి పద్ధతి చెప్పారు. తుంటి గిన్నె పైకప్పు కోణం కొలుస్తారు, 60 డిగ్రీలు అంతకు పైన ఉంటే మంచిదే. పుట్టిన కొత్తలో కొంచెం తక్కువున్నా చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల మధ్య చూడడం మేలు. తేడా ఉంటే పావ్లిక్ పట్టీలని మెత్తటి బెల్టులు కట్టి, కాళ్ళు కప్ప కాళ్ళలా మడిచి ఉంచుతారు. ఆరు నెలల లోపు మొదలుపెడితే చాలామంది పిల్లలకి ఆపరేషన్ అవసరమే రాదు. సూది లేదు, మత్తు లేదు, రేడియేషన్ లేదు. మా పాపకి ఆ అవకాశం ఉండింది, మేము దాటేశాం.

ప్రతి పిల్లకీ చెయ్యమని నేను అనడం లేదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళకి, ఇంట్లో ఇదివరకు ఎవరికైనా తుంటి జారినవాళ్ళకి, కాలు విచ్చుకోనివాళ్ళకి చెయ్యండి. ఆడపిల్లల్లో ఇది ఎక్కువని కూడా గుర్తుంచుకోండి. కాళ్ళు చాపి బిగించి గుడ్డలో చుట్టే అలవాటు మానాలి. చంకన కాళ్ళు ఎడంగా ఎత్తుకునే మన పాత అలవాటే తుంటికి మంచిది.

తుంటి ఒక్కటే కాదు. మాడు మూసుకోకముందు దాని మీద ప్రోబ్ (స్కానింగ్‌లో ఒంటికి ఆనించే పరికరం) పెట్టి మెదడులో నీరు చేరిందేమో చూడొచ్చు. వీపు కింద వెంట్రుకల కుచ్చో లోతైన గుంటో ఉంటే మొదటి మూడు నెలల్లో వెన్నుపాము చూడొచ్చు. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, మలం తెల్లగా వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. పైత్యనాళం మూసుకుపోయిన పిల్లలకి చేసే కసాయ్ ఆపరేషన్ అరవై రోజుల లోపు జరిగితేనే ఎక్కువ ఫలితం.

స్కానింగ్ గది ముందు లింగ నిర్ధారణ నేరమని బోర్డు ఉంటుంది. ఉండాల్సిందే. కానీ మా వైపు చాలామందికి స్కానింగ్ అంటే ఆ భయమే మిగిలింది. 1994 చట్టం ఆపింది కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని. పుట్టిన బిడ్డ తుంటి చూడడాన్ని కాదు. ఈ ముక్క బోర్డు మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాస్తే ఏం పోతుంది?

కొత్త పథకం కూడా అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో తుంటి లోపం పేరు ఉంది. ఆశా దిదీ నలభై రెండో రోజున ఇంటికి వస్తుంది. ఆరో వారం టీకా కూడా అప్పుడే. థైరాయిడ్, రక్తనాళాలు చూసే ప్రోబ్‌తోనే పిల్లల తుంటీ చూస్తారట. కావలసింది ఆ కొలత తీయడం నేర్చుకున్న మనిషి, వారానికి ఒక పూట. రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల అధికారులు ఆ మాత్రం చెయ్యలేరా?

మా పాప డిశ్చార్జి కాగితం మీద "బ్రీచ్", అంటే ఎదురుకాళ్ళు, అని ఇంగ్లీషులో రాసి ఉంది. దాని పక్కనే "ఆరో వారంలో తుంటి స్కాన్" అని ఒక ముద్ర వేసి ఉంటే నేను ఎవరినీ బతిమాలుకోవలసి వచ్చేది కాదు.

మా ఆడపడుచుకి వచ్చే నెల కాన్పు. ఆ బిడ్డ కూడా ఎదురుకాళ్ళతోనే ఉందని చెప్పారు. పుట్టాక ఆరో వారంలో ఏ ఊరు, ఏ గదికి, ఏ రోజు తీసుకెళ్ళాలో అధికారులు మీ పత్రిక ద్వారా చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
గుణుపూర్ ప్రాంతం, రాయగడ జిల్లా, ఒడిశా