కాళహస్తి ఒక్కరోజు కలంకారీ పర్యటన ఆపేశాం, కారణం ఇదీ

మాతో కాళహస్తి వచ్చి గుడ్డ మీద కలంకారీ బొమ్మ గీయడానికి కలం పట్టినవాళ్లందరికీ,

ఈమధ్య ఒక్కరోజు బృందాల్లో వచ్చిన కొందరి గుడ్డల మీద నల్లగీత పాకింది. గీసినప్పుడు సన్నగా ఉన్న కనుబొమ్మ, ఇంటికెళ్లి మడత విప్పేసరికి గోధుమరంగు అంచుతో వెడల్పైపోయింది. ఫోటోలు పంపిన చాలామంది తమ చెయ్యి తిరగలేదేమోనని రాశారు. మీ చేతిలో ఏ లోపమూ లేదు. లోపమంతా గుడ్డలో ఉంది.

ఒక్కరోజులో వచ్చి వెళ్లేవాళ్లకు గుడ్డ తయారుచేసుకునే తీరిక ఉండదు కాబట్టి, కరక్కాయా పాలూ పట్టించి ఎండబెట్టిన గాడా (ముతక నూలు) గుడ్డను మీటరు ముక్కలుగా బయట కొనేవాళ్లం. చాన్నాళ్లుగా ఇస్తున్న మనిషే ఈసారి గాడా బదులు గంజి పోగొట్టని మిల్లు గుడ్డ వాడాడు. గేదె పాలకు బదులు టోన్డ్ పాల ప్యాకెట్లు కలిపాడు. పైకి చూస్తే తేడా తెలియదు. అదే లేత పసుపు, అదే పాల వాసన.

గీయడం మొదలుపెట్టాకే బయటపడుతుంది. మనం గీసే కసిం అంటే తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టి వడగట్టిన నీరు. అది కరక్కాయలోని వగరుతో కలిస్తేనే నల్లబడుతుంది. ఆ నీరు దారం వెంట పాకకుండా ఆపేది పాలలోని వెన్న. గేదె పాలలో వెన్న ఆరు శాతం పైమాటే, టోన్డ్ పాలలో మూడు. దానికి తోడు గంజి ఉన్న గుడ్డ ఆ పాలను కూడా సరిగ్గా పీల్చుకోదు, ఒకచోట పట్టి ఒకచోట వదిలేస్తుంది. అందుకే ఒకే బొమ్మలో ముక్కు గీత నిలిచింది, గడ్డం గీత చెదిరింది.

ఆ గుడ్డ ఇచ్చిన మనిషిని అడిగితే, వచ్చేది టూరిస్టులేగా, అంత ఎవరు చూస్తారు అన్నాడు. గుడ్డ పాడైనదానికంటే ఆ మాటే మాకు ఎక్కువ నొప్పి. దాదాపు అంతరించిపోతున్న ఈ పనిని 1950ల్లో, చేతిపనుల కోసం పాటుపడ్డ కమలాదేవి చటోపాధ్యాయ పూనుకుని, కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించి నిలబెట్టారు. అక్కడ నేర్చినవాళ్లూ వాళ్ల పిల్లలూ ఇవాళ మనకు కలం పట్టడం నేర్పుతున్నారు. వాళ్ల వాకిట్లో కూర్చోబెట్టి మిల్లు గుడ్డ మీద గీయించడం వాళ్లకు అవమానం, డబ్బు కట్టి వచ్చిన మీకూ అవమానం. తక్కువకిస్తానన్నా, ఊరికే ఇస్తానన్నా ఆ మనిషి దగ్గర ఇక కొనం. సిద్ధం చేసిన గుడ్డ ఇంకెవరి దగ్గరా కొనం.

పాకిన గీతను బాగుచేసే దారి లేదు. నిమ్మరసం రాస్తే అంచు మచ్చ పోతుంది కానీ దాంతోపాటు గీతా పోతుంది. అలాంటి గుడ్డలున్నవాళ్లకు మేం తయారుచేసిన మీటరు గుడ్డ, ఒక కలం, చిన్న ప్లాస్టిక్ సీసాలో కసిం పంపుతున్నాం. కసిం ఇంకా పులుస్తూనే ఉంటుంది కాబట్టి మూత బిగించి దాచకండి. గీసిన వెంటనే గీత నీళ్లలా లేతగా కనిపిస్తుంది, ఆరేకొద్దీ నల్లబడుతుంది. నలుపు చాల్లేదనుకుని పైన మళ్లీ గీస్తే పాకుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకు సీసా పంపడం కుదరదు. గుడ్డా కలమూ పంపి, మిగతా డబ్బు వెనక్కిస్తాం.

ఇక ఒక్కరోజు పర్యటన సంగతి. ఇది ఆపడానికి మనసు ఒప్పక చాలా తర్జనభర్జన పడ్డాం. పొద్దున దర్శనం, పదకొండుకి కలంకారీ, సాయంత్రం తిరుపతి. పిల్లలతో వచ్చేవాళ్లకీ పెద్దవాళ్లకీ ఇదే వీలు. మా రాబడిలో సగానికి పైగా దాని నుంచే వచ్చేది. గుడ్డను మేమే ముందుగా తయారుచేసి పెట్టుకుంటే సరిపోదా అని మీలో కొందరు అడిగారు, మేమూ అదే ఆలోచించాం. కుదరదు. పాలు పట్టిన గుడ్డను ఎక్కువ రోజులు దాస్తే ముక్కిపోతుంది, గాలిలో తేమ ఉంటే బూజు చుక్కలు పడతాయి. ఎంతమంది వస్తారో ముందురోజు దాకా తేలని పర్యటనకు ఎన్ని మీటర్లని తడపాలి? ఇంకో చిక్కు, నాలుగింటికి గీయడం ముగించి అయిదింటికి బండెక్కితే కసిం పూర్తిగా ఆరదు. తడిగా మడిచిన గుడ్డలో ఈ మడత గీత ఆ మడతకు అంటుకుంటుంది. గుడ్డ మంచిదైనా ఆ తిప్పలు తప్పవు.

అన్నిటికంటే ముఖ్యం, ఒక్కరోజులో కనిపించేది గీయడం మాత్రమే. కాళహస్తి పనిలో ఇరవై దాకా దశలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం నానబెట్టడం, ఉతకడం, ఆరబెట్టడం. అది చూడకుండా వెళ్లినవాళ్లు చీర ధర చూసి ఎందుకింత అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ల తప్పు కాదు, చూపించనిది మేం. ఇక చూపించకుండా పంపం.

కాబట్టి ఇకపై రెండు రోజులే, మనిషికి 4,600 రూపాయలు, గది, భోజనం, తిరుపతి నుంచి రానూపోనూ బండితో కలిపి. దూరం 40 కిలోమీటర్ల లోపే. రైల్లో వచ్చేవాళ్లు రేణిగుంటలో దిగితే అక్కడే ఎక్కించుకుంటాం.

మొదటిరోజు ఎనిమిదింటికల్లా గుడ్డ మీ చేతికిస్తాం. నీటి చుక్క వేసి చూడండి. వెంటనే ఇంకితే గంజి లేనట్టు, ముత్యంలా నిలబడితే ఉండొచ్చు. నమ్మకం కుదరకపోతే ఒక మూల అయోడిన్ చుక్క వేయండి, గంజి ఉంటే నీలంగా నల్లబడుతుంది. తర్వాత లీటరు గేదె పాలకు వంద గ్రాముల కరక్కాయ పొడి లెక్కన కలిపి, గంటసేపు నానబెట్టి, పిండి, ఎండలో పరుస్తాం. పచ్చిపాలే వాడాలి. మధ్యాహ్నం చింతపుల్ల బొగ్గుతో బొమ్మ వేసుకోవడం. సాయంత్రం గుడికి మీ ఇష్టం.

రెండోరోజు పొద్దున కసిం గీతలు, అవి ఆరాక ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్లు. పటిక పూశాక కనీసం ఒక రోజు వదిలేసి, పారే నీళ్లలో జాడించి, ఆపైన ఎరుపునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్కలతో ఉడకబెట్టాలి. మీ గుడ్డకు అంత సమయం ఉండదు. ఉడికించడం కళాకారుల గుడ్డ మీద చూస్తారు, మీది మేం పూర్తిచేసి మూడు వారాల్లో పోస్టులో పంపుతాం.

ఆదివారాలు పెట్టం. రాహుకేతు పూజల జనంతో గది దొరకదు, బండి కదలదు. శివరాత్రి ఉత్సవాలకూ, గ్రహణాల రోజులకూ అంతే. గ్రహణమప్పుడు మిగతా గుళ్లు మూసినా కాళహస్తి గుడి తెరిచే ఉంటుంది కాబట్టి ఊరంతా నిండిపోతుంది. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా కూడా ఆపేస్తున్నాం. మన వైపు పెద్ద వానలు అప్పుడే, ఎండ లేకపోతే పాలగుడ్డ పులిసి కంపుకొడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా అన్నిటికంటే అనుకూలం.

కలంతో కాక చెక్క అచ్చులతో అద్దే కలంకారీ కావాలని అడిగేవాళ్లు పెడన వెళ్లాలి, మచిలీపట్నం పక్కన. అది వేరే పని, వేరే ప్రయాణం. దుకాణాలకు మేం తీసుకెళ్లం, కమీషన్ తీసుకోం.

బుకింగ్ పన్నెండు రోజుల ముందే మూసేస్తాం. గాడాలో గంజి పోయేదాకా నానబెట్టి, ఉతికి, ఎండకట్టడానికి మాకు వారం పైగా పడుతుంది. ఎంత తెలిసినవాళ్లు అడిగినా ఆ గడువు సడలించం. ఒక్కరోజుకు ముందే డబ్బు కట్టినవాళ్లు రెండు రోజులకు మార్చుకుంటే తేడా కట్టక్కర్లేదు, వద్దనుకుంటే మొత్తం తిరిగిస్తాం. ఈ నెలాఖరులోగా చెప్పండి. వచ్చేటప్పుడు పాత బట్టలు వేసుకోండి, కసిం మరక ఏ సబ్బుకూ పోదు.